గుల్ల సున్నం

1వ రోజు

ఒళ్ళు వేడి 96.1. నాడి 54. విరేచనం కాలేదు, ఇది మూడో రోజు. మందు వేసుకున్నాను.

ఇవాళ్టి నుంచి రోజూ ఇలా రాయమని పెట్టె చెప్పింది. మందు గదిలో ఉండే ఈ వైద్యపు పెట్టెకి నోరుంది, చెవులున్నాయి, వేలు గుచ్చడానికి సూదుంది. ముక్కు లేదు. అందుకని మా బాధ దానికి సగమే తెలుస్తుంది.

నా పేరు గనిశెట్టి అప్పాజీ. యాభై నాలుగేళ్ళు. ఏడో మెరక అనే ఈ దిబ్బ మీద తూర్పు లాకు మనిషిని. పోటు వచ్చే వేళకి లాకు తలుపులు వేయాలి, ఆటు వేళకి తీయాలి. వేయడం ఆలస్యమైతే ఉప్పునీళ్ళు మడుల్లోకి వస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

మెడలో థైరాయిడ్ గ్రంథి పని మానేసింది. మెరకలో పెద్దవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి ఇదే జబ్బు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే గొట్టాల వల్లే వచ్చిందని పెట్టె అంటుంది. అవి మానేస్తే తాగడానికి వేరే నీళ్ళు లేవు. తెల్ల మాత్రలు తెచ్చే పడవ రాక పదకొండు నెలలైంది. ఉన్న మాత్రలు ఆరు నెలలు వచ్చాయి. ఆ తర్వాత నుంచి పంది గొంతులోని గ్రంథిని కోసి, ఎండబెట్టి, నూరి తింటున్నాం.

వేలు గుచ్చితే నా టీఎస్‌హెచ్ 31 వచ్చింది. నాలుగు లోపు ఉండాలి. మా అమ్మాయి హైమకి 14. దానికి మూడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి రెండున్నర దాటకూడదని, బిడ్డ బుర్ర తల్లి మెడలోంచే తయారవుతుందని పెట్టె చెప్పింది. దాని గొంతులో కంగారు ఉండదు. లాకు దగ్గర నీటిమట్టం చెప్పే గొంతూ అదే.

4వ రోజు

95.9. నాడి 54.

ఇవాళ కోత. కింది వరుసలో రెండు పందుల్ని కోశారు. ఆ వరుస పోటు గట్టుకి ఆనుకుని ఉంటుంది. మెరక చెత్తంతా అక్కడికే చేరుతుంది, పందులు అక్కడే పెరుగుతాయి. వాటిని చూసేది పోలమ్మ. మా వరుసల వాళ్ళెవరూ ఆమె గడప తొక్కరు.

లాకు మీదికి వాసన వచ్చింది. గ్రంథి బొటనవేలంత ఉంటుంది, కాలేజం రంగు. కొవ్వు గీకేసి, రేకు మీద వల కప్పి నాలుగు రోజులు ఎండబెడతారు. మొదటి రోజు రక్తం వాసన. రెండో రోజు నుంచి వేరే వాసన, దానికి పేరు లేదు. ఈగలు వల మీద ఆని నల్లటి గుడ్డ పరిచినట్టుంటాయి.

మా వరుసల్లో పంది అన్న మాట ఎవరూ అనరు. మందు గది చూసే కామేశం గారు దానికి వరాహ చూర్ణం అని పేరు పెట్టారు. ఆయన జన్మలో గుడ్డు కూడా ముట్టలేదు. ఆయన మెడా పాడైంది. పెసర గింజంత పొడిని తమలపాకులో పెట్టి, పైన గుల్ల సున్నం దట్టంగా రాసి చుట్టి ఇవ్వడం ఆయన ఆలోచనే. ఇక్కడ గవ్వలకి, నత్తగుల్లలకి కొదవ లేదు, కాల్చితే కావలసినంత సున్నం. మందు గది పందిరి నిండా తమలపాకు తీగ. మధ్యాహ్నం తిండి అయ్యాక అందరం అక్కడ వరసలో నిలబడతాం. సున్నం ఘాటుకి ఆ వాసన చాలామటుకు చస్తుంది. నాలుక కాలుతుంది, అంతే. మొదట్లో ఉత్త పొడి ఇచ్చినప్పుడు పదిమందిలో ఎనిమిది మంది కక్కేశారు. ఆకులో చుట్టాక ఎవరూ కక్కలేదు.

"తాంబూలం వేసుకున్నావనుకో అప్పాజీ," అంటారు కామేశం గారు ఇచ్చినప్పుడల్లా. "భోజనం చేశావు, ఆకు వేసుకున్నావు. అంతే."

9వ రోజు

95.8. నాడి 52.

పొద్దున్న పక్క దులిపితే పొట్టు రాలింది. నా చర్మమే. కాళ్ళ మడమలు ఎండిన చెరువు మట్టిలా పగిలాయి. అంబలిలో వెంట్రుక వచ్చింది, అదీ నాదే. ముఖం ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయాయి. నా ముఖం నాకే అసహ్యంగా ఉంది. లాకు దగ్గర అద్దం గోడవైపు తిప్పి పెట్టాను.

హైమ ఎండలో కూర్చుని దుప్పటి కప్పుకుంటోంది. దాని గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయింది. మా అల్లుడు చేపల పడవ మీద పోయి రెండు నెలలైంది, ఇంకా రాలేదు. వాడొచ్చేసరికి తన గొంతు గుర్తుపట్టడని అది నవ్వుతుంది.

పక్కింటి వీరభద్రం కోడలు తన నాలుగు నెలల పిల్లాణ్ణి తెచ్చి చూపించింది.

"బంగారం బాబాయ్. ఆకలేసినా ఏడవడు. రాత్రంతా నిద్రే."

నాలుక లావుగా పెదాల మీదికి వచ్చి ఉంది. బొడ్డు నిమ్మకాయంత పొంగింది. వేలు పెడితే పట్టుకోలేదు. ఆ అమ్మాయికీ మెడ జబ్బే. మెరకలో ఈ ఏడు ఇలాంటి పిల్లలు ముగ్గురు. అందరూ బుద్ధిమంతులని పేరు.

వాళ్ళు వెళ్ళాక హైమ దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నాన్నా, నాకు ఏడ్చే పిల్ల కావాలి," అంది.

22వ రోజు

95.6. నాడి 50.

వేలు గుచ్చారు. నాది 38. హైమది 19.

పొడి రోజూ వేసుకుంటున్నారా అని పెట్టె అడిగింది. వేసుకుంటున్నాం అన్నాను. ఒక్క రోజైనా మానారా? మానలేదు. మొత్తం మింగుతున్నారా? మింగుతున్నాం. అయితే మోతాదు చాలడం లేదు, రెట్టింపు చేయండి అంది.

పెసర గింజంత పొడి రేపటి నుంచి శనగ గింజంత అవుతుంది. అందరికీ అంతే. దానికి పందులు రెట్టింపు కావాలి. ముప్పై నాలుగు ఉండేవి, ఇప్పుడు ఇరవై ఒకటి. పిల్లలు పెరగడానికి ఎనిమిది నెలలు పడుతుంది.

23వ రోజు

శనగ గింజంత పొడికి పాత సున్నం చాలలేదు. ఎండలు ముదిరాయి, పొడికి ముక్కిపోయిన వాసన వస్తోంది. వరసలో ముందున్న ముసలామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పక్కకి పోయింది. కామేశం గారు గరిటెడు సున్నం ఇంకా దట్టించారు. అప్పుడు దిగింది. నోరు పొక్కింది.

31వ రోజు

95.5. నాడి 50. ఐదో రోజు విరేచనం లేదు. కడుపు డోలు.

ఆటు వేళ పోలమ్మ లాకు కింద నుంచి కుడితి కుండలు మోసుకుపోతూ కనబడింది. రెండు చేతుల్లో రెండు, నెత్తి మీద ఒకటి. నిరుడు ఈ వేళకి ఆమె మెడ మీద ముంజికాయంత గడ్డ ఉండేది. నాలుగడుగులకి ఒకసారి కూలబడేది. ఇప్పుడు గడ్డ జామకాయంత. పందుల్ని తిడుతుంటే నాకు పైదాకా వినబడింది.

"ఏం పోలమ్మా, బాగా ఉన్నట్టున్నావ్," అన్నాను పైనుంచే.

"ఆయ్, మీ దయ బాబూ. మీరేంటి, పులిసిన పిండిలా ఉబ్బిపోయారు?"

పందిట్లో ఈ మాటే నడుస్తోంది. గ్రంథులు ఆమె చేతి మీదే పోతాయి కదా, మంచివి తను మింగి మనకి కొవ్వు నూరి పంపుతోందని వీరభద్రం అన్నాడు. కామేశం గారు వినిపించుకోనట్టు ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. నమ్మాను కూడా. నమ్మడం తేలికగానే ఉంది.

40వ రోజు

95.2. నాడి 48.

పున్నమి పోటు. లాకు తలుపులు తిప్పే చక్రం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నీటిమట్టం చెప్పే గొంతు వినబడుతూనే ఉంది. ఆ అంకెలకి నేను చేయవలసింది ఏదో ఉందని తెలుసు. అదేమిటో చేతిదాకా రాలేదు. నిద్ర కాదు. బురదలో కాలు దిగబడితే లాగినట్టు, బుర్రని లాగుతున్నాను, రావడం లేదు.

తలుపులు వేసేసరికి పన్నెండు నిమిషాలు ఆలస్యం. మూడు నారుమళ్ళలోకి ఉప్పు వచ్చింది. సాయంత్రానికి నారు కొసలు ఎర్రబడ్డాయి.

రేపటి నుంచి చక్రం దగ్గర ఇంకొకతను నిలబడతాడట. నేను పక్కన కూర్చోవచ్చట.

43వ రోజు

వేలు గుచ్చారు. నాది 44. హైమది 23. మోతాదు రెట్టింపు చేస్తే పెరిగింది.

ఎలా పెరిగింది అని అడిగాను. పొడిలో మందు లేకపోయి ఉండాలి అంది పెట్టె.

కామేశం గారు తలుపు దగ్గరకు వేశారు. ఆయన కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఆయన అంకె ఎంతో ఎవరికీ చెప్పరు.

"వింటున్నావా అప్పాజీ? నేను ఒకర్ని అనడం లేదు. పెట్టె అంటోంది. నువ్వు కింది వరుసకి వెళ్ళి చూసి రావాలి."

"నేనా?"

"నీ కూతురే కదయ్యా కడుపుతో ఉన్నది. పైగా లాకు పని కూడా లేదాయె నీకు."

44వ రోజు

95.2. నాడి 48. ఇవాళ ఎక్కువ రాస్తున్నాను.

పొద్దు పొడవకముందే కింది వరుసకి వెళ్ళాను. తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాను. దారి అంతా కుళ్ళు నీళ్ళు. చెప్పు ఒకటి ఊడితే చేత్తో తీయలేక కాలితో తవ్వి తీశాను.

పోలమ్మ వాకిట్లో రోలు ముందు కూర్చుని నూరుతోంది. నన్ను చూసి ఆపలేదు.

"రండి బాబూ. కూసోమంటే కూసోరు. నిలబడే సెప్పండి."

"ఎన్ని కోశారు, ఎన్ని గ్రంథులొచ్చాయి, చూడమన్నారు."

"ఎవురు?"

నేను తువ్వాలు బిగించుకున్నాను. ఆమె లేచి, చూరు కింద కట్టిన తాడు దించింది. కోసిన ప్రతి పంది చెవి ముక్కా ఆ తాడుకి గుచ్చి ఉంది. పక్క తాడుకి ఎండుతున్న గ్రంథులు. నూరినవాటి గుర్తుకి ముళ్ళు వేసింది. నేను ముక్కు మూసుకుని రెండుసార్లు లెక్కపెట్టాను. చెవులకీ, గ్రంథులూ ముళ్ళూ కలిపిన లెక్కకీ సరిపోయింది. ఒక్కటి తేడా లేదు.

"మరి నువ్వేం వేసుకుంటున్నావు?" అన్నాను. "నీ మెడ తగ్గింది కదా."

"ఇదుగో. దొంగసొత్తు సూపెడతాను సూడండి."

పొడి అంతా డబ్బాలోకి ఎత్తాక రోట్లో పొత్రం చుట్టూ పసుపు అంటినట్టు మరక ఉంటుంది. వేలు తడి చేసి ఆ మరక చుట్టూ తుడిచింది. పెసర గింజలో సగం ఉంటుందేమో. నోట్లో పెట్టుకుని చీకింది. చెంబెడు నీళ్ళు తాగింది. గోడ పట్టుకున్నాను.

"అంతేనా?"

"అంతే. మీ పందిట్లోకి నన్ను రానిచ్చేదెవురు? కడిగితే పోయేదే కదా అని ఏలు నాకుతున్నాను. అది కూడా రాసుకోండి."

"ఆకు లేకుండానా? సున్నం?"

"తమలపాకు నాకెవురిత్తారు బాబూ. తీగ మీ పందిరికుంది."

"తిన్నాకేనా?"

"తినడమా? ఈగలు లేవకముందే నూరాలి. ఇది నూరి, పందులకి కుడితెట్టి, ఒచ్చాకే నాకు కూడు."

వెనక్కి వస్తూ దారి పొడుగునా ఆ వేలే కళ్ళముందు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను, ఏమీ ముట్టుకోకపోయినా. అప్పుడు మా ఆవిడ గుర్తొచ్చింది. ఆమెకీ ఇదే జబ్బు. తెల్ల మాత్రల కాలం. పొద్దున్నే లేచి మాత్ర వేసుకుని, అరగంట దాకా కాఫీ ముట్టేది కాదు. కాఫీ గిన్నె మీద మూత పెట్టి గడియారం చూస్తూ కూర్చునేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఎముకల మాత్ర మాత్రం సాయంత్రమే వేసుకునేది. రెండూ ఒకేసారి వేసుకుని ఊరుకోరాదా అంటే, అది దీన్ని తినేస్తుందట అనేది.

ఆమె పోయి ఆరేళ్ళు. ఆ మాట ఆరేళ్ళుగా నా దగ్గరే ఉంది.

మందు గదికి వెళ్ళాను. కామేశం గారు స్నానానికి పోయారు. పెట్టెని అడిగాను, ఎముకల మాత్రలో ఏముంటుందని.

"కాల్షియం," అంది.

"అది దేన్లో ఉంటుంది?"

"పాలు, రాగులు, గుల్ల సున్నం."

మేము మందుని సున్నంలో పెట్టి మింగుతున్నాం, తిన్నాక, అన్నాను. పెట్టె ఒక క్షణం ఆగింది. అది ఆగడం నేనెప్పుడూ వినలేదు.

"సున్నం మందుని పట్టి ఉంచుతుంది. ఒంటికి అందదు. సున్నం గురించి మీలో ఎవరూ చెప్పలేదు."

నిజమే. ఈ పుస్తకంలో నేను రాశాను, కానీ పెట్టెకి చదివి వినిపించేవి అంకెలే. మందు వేసుకున్నావా అంటే వేసుకున్నానంటాం. తిన్నాక ఆకు వేసుకోవడం ఎవరైనా చెప్పుకుంటారా?

పదమూడు పందుల్ని సున్నంలో పోశాం. తర్వాత ఎనిమిది.

45వ రోజు

కామేశం గారు నమ్మలేదు. నమ్మారేమో, ఒప్పుకోలేదు.

"ఆకు లేకపోతే ఎవడు మింగుతాడయ్యా? కక్కుకున్నది ఒంటికి పడుతుందా?"

"సున్నంతో మింగిందీ పట్టడం లేదు కదండీ."

"పోలమ్మ చెప్పిందా ఇదంతా?"

"పెట్టె చెప్పింది."

"పోలమ్మ ఇంటికెళ్ళొచ్చాక చెప్పింది," అన్నారు. చేతిలో సున్నం గరిటె ఉంది. దాన్ని గిన్నె అంచుకి తుడిచి, మళ్ళీ ముంచి, మళ్ళీ తుడిచారు. "ఆరు నెలలు అందరికీ నా చేత్తో ఇచ్చాను అప్పాజీ. వీరభద్రం కోడలికి కూడా."

నాకూ హైమకీ సున్నం లేకుండా ఇమ్మన్నాను. వారానికి సరిపడా ఉత్త పొడి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు.

46వ రోజు

95.1. పరగడుపున వేసుకున్నాను.

శనగ గింజంత. నాలుక మీద పెట్టగానే కరగలేదు. ఇసక, చెడిన నెయ్యి, కింద ఎక్కడో తుప్పు. నీళ్ళు తాగితే నోరంతా పరుచుకుంది. గొంతు వెనక్కి తోసింది. మళ్ళీ మింగాను. కక్కకుండా ఉండటానికి లాకు చక్రం పట్టుకుని చువ్వలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. ఐదుసార్లు.

హైమ కక్కేసింది. దానికి మామూలుగానే పొద్దున్న వేవిళ్ళు.

48వ రోజు

హైమ ఈ మూడు రోజులూ కక్కింది. ఇవాళ నేలమీద పడిన దాంట్లో పొడి మరక కనబడింది. కనీసం సగమైనా లోపల ఉందా అని నేను వంగి చూస్తున్నాను. మనిషి చేసే పని కాదు. చేశాను.

"నా వల్ల కాదు నాన్నా. ఆ వాసన వస్తే కడుపులో ఉన్నది కూడా బయటికొచ్చేలా ఉంది."

పిల్లాణ్ణి గుర్తుచేద్దామనుకున్నాను, వీరభద్రం మనవణ్ణి. వాడి ఏడుపు పక్కింట్లోంచి రావడం లేదు. గుర్తుచేయక్కరలేదు.

49వ రోజు

మళ్ళీ కింది వరుసకి వెళ్ళాను. తువ్వాలు కట్టుకోలేదు, మరిచిపోయాను.

"మా అమ్మాయికి దిగడం లేదు పోలమ్మా."

"దిగదు. నాకూ మొదట్లో దిగలేదు."

"నీకా? ఎప్పుడూ ఇందులోనే ఉంటావు కదా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఇందులో ఉంటే అసయ్యం ఉండదనుకున్నారా బాబూ? ఏం, మాకు ముక్కుల్లేవా?"

రేపు పొద్దున్న ఒకసారి వస్తావా అన్నాను.

"ఎక్కడికి?"

"మా ఇంటికి."

"లోపలికా, గుమ్మందాకానా? ముందే సెప్పండి. మళ్ళీ మీ పక్కోళ్ళు వాకిలి కడుక్కోవాల."

"లోపలికి."

50వ రోజు

పోలమ్మ వచ్చింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అయినా వాసన ఉంది. వీరభద్రం భార్య గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి పోయి తలుపేసుకుంది.

హైమ మంచం మీద లేచి కూర్చుంది. ముక్కు పట్టుకుంది, పోలమ్మని చూసి మర్యాదకి వదిలేసింది. పోలమ్మకి అర్థమైంది.

"పట్టుకో తల్లీ, పట్టుకో. మింగేటప్పుడు పంది గురించి అనుకుంటున్నావా?"

"ఊఁ."

"అనుకోకు. నా గురించి అనుకో. పంది కన్నా నన్ను సూత్తేనే కదా మీకు ఎక్కువ అసయ్యం. అంత పెద్ద అసయ్యం ఎదురుగా కూసుంటే, సిన్న అసయ్యం అదే దిగుద్ది."

హైమ నవ్వింది. బొంగురు నవ్వు, దగ్గులా. ఆ నవ్వుతున్న నోట్లో పోలమ్మ తడి వేలితో పొడి పెట్టింది, లోపలికి, నాలుక మొదట్లో. నీళ్ళు పోసింది. గడ్డం పట్టుకుని పైకెత్తింది. హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, భుజాలు ఎగిరాయి. పోలమ్మ దాని వీపు రాస్తూ పందుల్ని పిలిచే కూత ఒకటి సన్నగా కూసింది, ఊరికే, ధ్యాస మళ్ళించడానికి.

అరగంట చూశాం. కక్కలేదు.

ఇవాళ్టి నుంచి రోజూ వస్తానంది. వెళ్ళేటప్పుడు పోలమ్మకి పందిరి నుంచి కోసుకొచ్చిన తమలపాకులు ఇచ్చాను. వేరే ఏమివ్వాలో తోచలేదు.

"సున్నం వద్దులెండి," అంది.

58వ రోజు

95.9. విరేచనమైంది.

పందిట్లో నలుగురు మాత్రమే ఉత్త పొడికి ఒప్పుకున్నారు. మిగిలినవాళ్ళు ఆకే కావాలని అడిగారు. కామేశం గారు ఆకు ఇచ్చారు, సున్నం లేకుండా. అందరూ ఉమ్మేశారు. పందిట్లో కాలు పెట్టడానికి లేదు, ఎర్రగా కాదు, మట్టిరంగులో.

ఆయన బల్ల వెనక నుంచి లేచి వచ్చి, వరసలో అందరి ముందూ నిలబడి, తన పొడి అరచేతిలో పోసుకున్నారు.

"ఇది పంది," అన్నారు. ఆ మాట ఆ పందిట్లో ఎవరైనా అనడం అదే మొదలు. "నా అంకె అరవై రెండు. మీకెవరికీ చెప్పలేదు."

నోట్లో వేసుకున్నారు. ఆయన ముఖం చూడలేకపోయాను. రెండుసార్లు పైకి వచ్చింది, రెండుసార్లూ చేత్తో నోరు మూసుకుని మింగారు. గడ్డం మీదికి కారింది. తుడుచుకోలేదు. తరువాత వారు రండి అన్నారు.

వీరభద్రం కోడలు వచ్చింది, పిల్లాణ్ణి ఎత్తుకుని. వాడికెంత వేయాలని అడిగింది. పెట్టె ఆవగింజలో సగం అంది. ఇంత ఆలస్యంగా మొదలుపెడితే పోయింది పూర్తిగా తిరిగి రాదని కూడా అంది. దాని గొంతులో ఏ తేడా లేదు.

74వ రోజు

98.9. నాడి 104.

చేతులు వణుకుతున్నాయి. రాత్రి నిద్ర లేదు, చెమట. గుండె లాకు దగ్గర మోటారులా కొట్టుకుంటోంది. వేలు గుచ్చితే నాది 0.4. హైమది 1.9.

మోతాదు ఎక్కువైంది, మీరు పెసర గింజలో సగానికి రండి అంది పెట్టె. హైమని పెసర గింజంత దగ్గర ఉంచింది. సున్నం లేకపోతే పోలమ్మ రోటి మరకే చాలునన్న మాట మొదటి నుంచీ.

కోత పదిహేను రోజులకి ఒకసారి చేశారు. పందులు పదకొండు ఉన్నాయి. ఇక చాలతాయట.

112వ రోజు

97.8. నాడి 70. చక్రం మళ్ళీ నా ఒక్కడికే ఇచ్చారు.

అద్దం తిప్పి పెట్టాను. ముఖం వాపు తగ్గింది. హైమ గొంతు దాని గొంతు అయింది. వేలు గుచ్చితే 2.1. అల్లుడు వచ్చాడు, గుర్తుపట్టాడు.

పోలమ్మ పందిట్లోకి వస్తోంది ఇప్పుడు. వరసలో ఆమె ముందు, వెనక, ఒక మనిషి పట్టేంత జాగా వదులుతారు. కనబడుతూనే ఉంటుంది. నేను వెనక నిలబడతాను. జాగా వదలకుండా నిలబడటానికి నాకూ ప్రయత్నం కావాలి. అబద్ధం రాయను.

203వ రోజు

97.9. నాడి 72.

హైమకి తెల్లవారి ఆటు వేళ ఆడపిల్ల పుట్టింది. నేను లాకు దగ్గర ఉన్నాను. తలుపులు తీసి, చక్రం కట్టేసి వెళ్ళాను. ఇంటికి ఇంకా నాలుగిళ్ళ దూరం ఉండగా అరుపు వినబడింది.

పెట్టె సూది తెచ్చి మడమలో గుచ్చారు. అంకె బాగుంది. సూదికి ఇంకా గట్టిగా అరిచింది. వీరభద్రం కోడలు గుమ్మంలో తన పిల్లాణ్ణి చంకన వేసుకుని నిలబడి విన్నది. వాడు ఇప్పుడు మెడ నిలుపుతున్నాడు. ఏడవడం ఇంకా రాలేదు. ఆమె పిల్లని చూడకుండానే వెళ్ళిపోయింది.

పోలమ్మ బొడ్డు కోసిన చేతులు కడుక్కుంటూ బయటికొచ్చింది.

"అచ్చం పంది పిల్లే బాబూ. కోతకి తీసుకెళ్ళేటప్పుడు ఇలాగే అరుత్తాయి."

నిజమే. అదే గొంతు. కోత రోజుల్లో లాకు మీద కూర్చుని ఆ అరుపుకి చెవులు మూసుకునేవాణ్ణి. ఇవాళ మూసుకోలేదు. అరుపు ఆగేదాకా వాకిట్లో నిలబడ్డాను. చాలాసేపు ఆగలేదు.

తర్వాత లాకు దగ్గరికి వెళ్ళి నా పొడి వేసుకున్నాను. అదే వాసన. అదే రుచి. చువ్వలు లెక్కపెట్టి మింగాను.